గుడిబండ దారిలో జాకీ జమాఖర్చులు

మన సంఘం సమావేశాల్లో కాఫీ వేళ నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ ఎప్పుడు పెరుగుతుందన్నది మొదటిది. ఆదివారం పొద్దున్నే బయలుదేరి చీకటి పడేలోగా ఇల్లు చేరేటట్టు బెంగుళూరు చుట్టుపక్కల ఎక్కడికి వెళ్ళవచ్చన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఎప్పుడూ ఒకటే జవాబు: గుడిబండ. కొండ ఉంది, కోట ఉంది, చెరువు ఉంది, పైగా దారి పొడుగునా మన భాష ఉంది. ఇంకేం కావాలి?

అయితే ఈసారి గుడిబండ గురించి రాస్తూ జాకీ గురించి కూడా రాయవలసి వస్తోంది. బి.కాం. చదివి ముప్ఫై ఏళ్ళుగా లెడ్జర్లు చూసుకుంటున్నవాడికి జాకీ సంగతులెందుకని మా ఆవిడ అప్పుడే అడిగింది. మీరూ అడుగుతారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి.

ముందు బండి సంగతి చెప్పాలి. మా అక్కయ్య కొడుకు వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అందరి పిల్లల్లాగా ఏ.సి. కారు కొనుక్కుంటాడనుకుంటే వాడు పాత మహీంద్రా జీపు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. విల్లీస్ నమూనా జీపు. నా చిన్నప్పుడు తహసీల్దారు దిగేవాడే, అలాంటిది. కొన్నవాడు ఊరుకున్నాడా? ఒక షెడ్డులో మూడు నెలలు పెట్టి దాని ఒళ్ళంతా మార్పించాడు. కమాను కట్టలు పొడుగైనవి వేయించాడు. వాటిని చాసిస్‌కి తగిలించే షాకిళ్ళు పొడుగైనవి, షాకబ్జార్బర్లు పొడుగైనవి, టైర్లు పెద్దవి. అంతా అయ్యేసరికి జీపు ఎక్కాలంటే మా అక్కయ్యకి స్టూలు కావలసివచ్చింది.

"ఇంత ఎత్తెందుకురా?" అంటే, "ఆఫ్ రోడ్ మామయ్యా! గుంతలో ఒక చక్రం దిగినా అది నేలను వదలకూడదు. స్ప్రింగు ఎంత సాగితే అంత పట్టు" అన్నాడు. మాట సబబుగానే తోచింది. ఒక చక్రం బండరాయి ఎక్కినప్పుడు రెండోది గాలిలో వేలాడితే ఇంజను బలమంతా ఆ వేలాడే చక్రాన్ని ఊరికే తిప్పడానికే పోతుంది. అందుకని యాక్సిల్ బాగా కిందికి జారగలిగేటట్టు కడతారు. ఆ సుగుణమే మమ్మల్ని ఆ రోజు చెరువు వెనక రెండు గంటలు నిలబెట్టింది.

ఆదివారం ఐదున్నరకి హెబ్బాళ ఫ్లైఓవర్ దాటాం. ముందు సీట్లో నేను, వెనక మా ఆవిడ, అక్కయ్య, వాళ్ళ మధ్య ఒక ఐస్ పెట్టె. 2008లో విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి దేవనహళ్ళి దాకా ఊరు ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. ఒకప్పుడు ఈ దారిలో పంపర పనస తోటలు కనిపించేవి. దేవనహళ్ళి చకోతా అని వాటికి పేరు. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు కూడా ఇదే. అక్కడ అరగంట ఆగి కోట గోడ చూద్దామంటే మా మేనల్లుడు వినలేదు. వాడికి తారు రోడ్డు మీద ఉన్నంతసేపూ కాలం వృథా.

దేవనహళ్ళి దాటాక ఎడమవైపు నంది కొండ మబ్బు కప్పుకుని కనిపించింది. బెంగుళూరు కుర్రకారంతా ఆ మలుపు దగ్గర ఎడమకి తిరిగిపోయారు. మేము తిన్నగా చిక్కబళ్ళాపురం వైపు సాగాం. ఆ కొండ పక్కనే ముద్దేనహళ్ళి, విశ్వేశ్వరయ్య గారి ఊరు. వారి పూర్వీకులు మన గిద్దలూరు వైపున్న మోక్షగుండం నుంచి వచ్చినవాళ్ళే, ఇంటి పేరులో ఊరి పేరు ఇంకా ఉంది. 1908లో మూసీ వరద హైదరాబాదుని ముంచెత్తాక ఆ నగరానికి రక్షణ పథకం తయారు చేసింది ఆయనే. "అంతటి ఇంజనీరు ఊరు పక్కనుంచి పోతున్నాం, నమస్కారం పెట్టండి" అంది అక్కయ్య. పెట్టాం. ఇంకొంచెం గట్టిగా పెట్టవలసింది.

చిక్కబళ్ళాపురం 2007 దాకా కోలారు జిల్లాలో ఉండేది. ఇప్పుడు తానే ఒక జిల్లా. అక్కడి నుంచి ఉత్తరంగా పోయినకొద్దీ బోర్డులన్నీ కన్నడంలోనే ఉంటాయి, మాటలు మాత్రం తెలుగులోకి దిగుతాయి. పేరేసంద్ర దగ్గర ఇడ్లీలు తింటుంటే పక్క బల్ల మీద ఇద్దరు రైతులు టమాటా ధర గురించి దెబ్బలాడుకుంటున్నారు, అచ్చం మా అనంతపురం జిల్లా యాసలో. హోటలాయన కన్నడంలో బిల్లు రాసి తెలుగులో చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. బెంగుళూరు మల్లేశ్వరంలో ఉంటూ పిల్లలకి తెలుగు రావడం లేదని బాధపడేవాళ్ళు ఒక్కసారి ఈ హోటలుకి తీసుకురావాలి.

పేరేసంద్రలో హైవే వదిలి ఎడమకి తిరిగితే గుడిబండ. గుడి, బండ. తెలుగులోనైనా కన్నడంలోనైనా అర్థం ఒకటే కాబట్టి ఆ ఊరి పేరు విషయంలో రెండు భాషలకీ తగువు లేదు. కోటను బైరేగౌడ అనే పాళెగారు కట్టించాడని చెబుతారు. ఒకే బండ మీద అంచెలంచెలుగా గోడలు, వాటి మధ్య వాన నీరు నిలిచే దొనలు, పైన శివాలయం. ఎక్కడానికి నాలాంటి మోకాళ్ళకి ముప్పావు గంట పట్టింది. మా ఆవిడ మధ్యలో ఒక నీడ చూసుకుని కూర్చుని, పైన ఏముందో దిగాక చెప్పమంది. పైనుంచి చూస్తే కింద బైరసాగరం చెరువు. భారతదేశం పటంలాగా ఉంటుందని అక్కడివాళ్ళు చూపిస్తారు. నాకు మొదట కనిపించలేదు. కాసేపు చూశాక కనిపించింది. ఆ తరవాత ఇంకోలా కనిపించమన్నా కనిపించలేదు.

ఇక్కడితో వెనక్కి తిరిగి ఉంటే ఇది మామూలు యాత్రా వ్యాసం అయ్యేది. కానీ మా మేనల్లుడికి చెరువు వెనక బండ్లబాట ఒకటి కనిపించింది. "పది నిమిషాలు మామయ్యా" అన్నాడు.

పది నిమిషాలకే పలుగురాయి ఒకటి వెనక ఎడమ టైరు పక్క గోడని చీల్చింది. బుస్సుమని గాలి పోయింది. వాడేం కంగారు పడలేదు, పైగా సంబరపడ్డాడనే చెప్పాలి. కొత్తగా కొన్న జాకీని వాడే అవకాశం వచ్చింది మరి. అది మామూలు జాకీ కాదు. నాలుగడుగుల ఇనప కమ్మీ, దానికి వరసగా బెజ్జాలు, పొడుగాటి పిడి. పిడి కొట్టినప్పుడల్లా టిక్కుమంటూ ఒక్కో బెజ్జం ఎక్కుతుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో బ్లూమ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో 1905లో పుట్టిన రకం ఇది. అక్కడి రైతులు కంచె స్తంభాలు పీకడానికి కూడా వాడేవారట. వాడిది ఇక్కడే తయారైన నకలు. బండితో వచ్చిన చిన్న సీసా జాకీ ఏదిరా అంటే, "ఇంట్లో ఉంది, ఐస్ పెట్టెకి చోటు కావాలి కదా" అన్నాడు.

జాకీని వెనక బంపరుకి తగిలించి కొట్టడం మొదలుపెట్టాడు. టిక్కు, టిక్కు. జీపు వెనక భాగం లేస్తోంది. చక్రం మాత్రం లేవడం లేదు. ఇంకా కొట్టాడు. బంపరు మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తుకి వచ్చింది. చక్రం అక్కడే, మట్టిలో, తన ఇంట్లో తాను కూర్చున్నట్టు ఉంది. ఎక్కాల్సిందంతా బండి ఎక్కింది, చక్రం ఒక్క అంగుళం కూడా కదలలేదు.

ఎందుకో తరవాత తెలిసింది కానీ ఇప్పుడే చెప్పేస్తాను. మాకు తెలిసిన భాషలో చెప్పాలంటే, జాకీ ఎత్తిన ఎత్తంతా చక్రం ఖాతాకి జమ పడదు. ముందు స్ప్రింగు తన బాకీ వసూలు చేసుకుంటుంది. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు దాని బరువుకి కమాను పట్టీలు అణిగి, వంపు తగ్గి ఉంటాయి. చాసిస్‌ని పట్టుకుని లేపుతుంటే వాటి మీద బరువు తగ్గుతుంది, అవి మళ్ళీ వంపు తిరుగుతాయి, యాక్సిల్‌ని కిందికి నెడతాయి. అంటే మనం బండిని పైకెత్తుతుంటే స్ప్రింగు చక్రాన్ని నేలకేసి అదిమి పెడుతూ ఉంటుంది. స్ప్రింగు పూర్తిగా విచ్చుకున్నాకనో, షాకబ్జార్బరు సాగినంత సాగి ఇక సాగలేనన్నాకనో చక్రం నేల వదులుతుంది. మామూలు కారులో ఆ బాకీ కొద్దిగానే ఉంటుంది. పాత జీపుకి పుట్టుకతో వచ్చిన పొట్టి కమాన్లకీ కొద్దిగానే. మావాడు డబ్బిచ్చి ఆ బాకీని పెంచుకున్నాడు.

బండి అంత ఎత్తు లేచేసరికి రెండో వైపుకి ఒరిగింది. జాకీ కమ్మీ నిటారుగా లేదు. నాకు గుండె దడ మొదలైంది. దానికో కారణం ఉంది.

1996లో నేను అనంతపురం జిల్లాలో ఒక గ్రామీణ శాఖలో ఫీల్డాఫీసరుగా ఉండేవాణ్ణి. పల్లెలకి మనుషుల్ని తిప్పే జీపుకి ఒకతనికి లోను ఇచ్చాం. మంచి పార్టీ, కిస్తీ ఒక్కరోజు ఆలస్యం కాదు. ఒక రోజు చక్రం విప్పి లోపల ఏదో చూస్తుంటే జీపు జాకీ మీద నుంచి జారింది. ప్రాణం దక్కింది కానీ కుడి చేతికి మూడు వేళ్ళు పోయాయి. రెండు నెలల తరవాత డబ్బు తీసుకోవడానికి కౌంటరు దగ్గరకి వచ్చాడు. ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. నేను స్పెసిమెన్ సంతకం కార్డు తీసి పక్కన పెట్టి చూశాను. కలవలేదు. కలవలేదని నేను చెప్పవలసివచ్చింది. కొత్త కార్డు తీసుకుని పావుగంటలో పని పూర్తి చేసి పంపామనుకోండి. కానీ ఆ పావుగంట అతను కుడి చేతిని తువ్వాలు కింద దాచుకుని నిలబడ్డాడు. అప్పటినుంచి జాకీ మీద నిలబడిన బండి చూస్తే నాకు ఆ తువ్వాలే గుర్తొస్తుంది.

"ఒరేయ్, చెయ్యి లోపల పెట్టకు" అన్నాను. వాడు చక్రం వెనకకి చెయ్యి పెట్టి, ఏం అడ్డుపడుతోందో తడిమి చూస్తున్నాడు. "ఏం కాదు మామయ్యా, హ్యాండ్ బ్రేకు వేశా" అన్నాడు. నేను నా వయసుకీ ఉద్యోగానికీ తగని గొంతుతో అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను. వాడు ఉలిక్కిపడి చెయ్యి తీసి లేచి నిలబడ్డాడు, నావైపు కోపంగా చూస్తూ ఇంకో రెండుసార్లు పిడి కొట్టాడు. అప్పుడు చక్రం నేల వదిలింది. వదిలీ వదలగానే జీపు ముందుకి కదిలింది. జానెడు కూడా కదలలేదు, అంతలోనే జాకీ పక్కకి పడిపోయింది, పిడి ఎగిరి బంపరుని కొట్టింది, జీపు ధబ్బుమని దిగింది. వాడి చెయ్యి అరనిమిషం ముందు ఉన్న చోట రిమ్ము అంచు మట్టిలోకి నాలుగు వేళ్ళ లోతు దిగింది.

అక్కయ్య ఏమీ అనలేదు. వాడి చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

కాసేపటికి ఒక ట్రాక్టరు వచ్చింది. నడిపే ఆయనకి అరవై దాటి ఉంటాయి. ట్రాక్టరు ఆపి, పడిపోయిన జాకీని, జీపుని, మమ్మల్ని వరసగా చూశాడు.

"హ్యాండ్ బ్రేకు నమ్ముకున్నారా సార్?"

"అవునయ్యా."

"ఈ జీపుల్లో దాన్ని నమ్మగూడదు."

ఆయన చెప్పినదాన్ని నాకర్థమైనట్టు రాస్తాను. విల్లీస్ నమూనా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేరుబాక్సు వెనక, వెనక యాక్సిల్‌కి పోయే షాఫ్టు మీద ఉంటుంది. షాఫ్టుని గట్టిగా పట్టుకుంటుంది, నిజమే. కానీ యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ ఉంది కదా. షాఫ్టు తిరగకపోయినా ఒక చక్రం వెనక్కి తిరిగితే రెండోది ముందుకి తిరగగలదు. రెండు చక్రాలూ నేల మీద ఉన్నంతవరకూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఒకటి గాలిలోకి లేచిందా, రెండోదానికి పట్టపగ్గాలుండవు. చక్రం లేచేదాకా పని చేసినట్టు కనిపించి, లేచిన క్షణంలో మోసం చేసే బ్రేకు అది. ఫోర్ వీల్ వేసి, హబ్బులు బిగించి ఉంటే ముందు చక్రాలు కూడా ఆ షాఫ్టుకే కట్టుబడి ఆగేవి. అన్నిటికన్నా చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టడం మేలు. అది మాకు తోచలేదు. చుట్టూ రాళ్ళు తప్ప మరేం లేవు.

"జాకీ యాక్సిల్ కింద పెట్టల్ల సార్, చిన్నది ల్యాదా?" అన్నాడు.

ఐస్ పెట్టె సంగతి చెప్పలేక లేదన్నాం. ట్రాక్టరులో ఆయన దగ్గరా లేదు. "సరే, యాక్సిల్‌ని కట్టేద్దాం" అని ట్రాక్టరు వెనక నుంచి గొలుసు ఒకటి తీశాడు. చిన్నప్పుడు ఆ పక్క రాళ్ళ క్వారీల లారీల్లో క్లీనరుగా తిరిగాడట. అక్కడ నేర్చుకున్న విద్య.

ముందు మిగిలిన మూడు చక్రాలకీ రాళ్ళు అడ్డం పెట్టించాడు. ఫోర్ వీల్ వేయించాడు. తరవాత జీపు కింద దూరకుండానే, పక్కనుంచి చేతులు చాపి, చక్రానికి దగ్గరగా యాక్సిల్ గొట్టం చుట్టూ గొలుసు తిప్పి, సరిగ్గా దాని పైనున్న చాసిస్ పట్టీకి బిగించాడు. యాక్సిల్ మీద బ్రేకు పైపు ఒకటి పోతుంటుంది. గొలుసు దాన్ని నొక్కకుండా వేలు పెట్టి చూసుకున్నాడు. వదులు లేకుండా కొక్కెం వేశాడు. జాకీ కాలి కింద తన ట్రాక్టరులోని చెక్క పలక ఒకటి వేశాడు. "ఇప్పుడు కొట్టు నాయనా" అన్నాడు మావాడితో.

నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడం మా వృత్తి కదా. మొదటిసారి ఇరవై నాలుగు టిక్కులకి చక్రం లేచింది. ఈసారి తొమ్మిదికి. స్ప్రింగు విచ్చుకోవడానికి వీల్లేదు, గొలుసు పట్టుకుంది. బండి లేస్తే యాక్సిల్ లేస్తుంది, యాక్సిల్ లేస్తే చక్రం లేస్తుంది. బండి ఎత్తు తక్కువ, ఒరుగు తక్కువ, జాకీ నిటారుగా నిలబడింది. ఊడదీసిన చక్రాన్ని ఆయన పక్కకి దొర్లించలేదు, చాసిస్ కిందికి పడుకోబెట్టి తోశాడు. జారినా బండి దాని మీద కూర్చుంటుంది, మనిషి మీద కాదు. స్టెప్నీ ఎక్కించాలంటే ఇంకో మూడు టిక్కులు కావలసివచ్చాయి. గాలి లేని టైరు విప్పడానికి చాలిన ఎత్తు, గాలి నిండిన టైరు ఎక్కించడానికి చాలదు. ఇదీ లెక్కలో వేసుకోవలసిందే.

నట్లు బిగించాక మావాడు చొరవగా గొలుసు కొక్కెం విప్పబోయాడు. ఆయన చేతి మీద ఒక్కటి వేశాడు. అదే చెయ్యి. "ముందు దించల్ల, చక్రం నేల మీద కూర్చోవల్ల, అప్పుడు విప్పల్ల. పైన ఉండగా విప్పితే యాక్సిల్ ఒక్కసారిగా దిగి బండి ఎగిరి పడతాది" అన్నాడు. దించాడు, విప్పాడు, గొలుసుని ట్రాక్టరులో పడేసుకున్నాడు.

డబ్బివ్వబోతే తీసుకోలేదు. నేను బ్యాంకులో పని చేస్తానని ఆ మాటా ఈ మాటా మీద తెలిసింది. అప్పుడు మొహం మారింది. "సార్, ఒక మాట అడగల్ల" అన్నాడు. ట్రాక్టరు లోను తీరి మూడేళ్ళయిందట. ఆర్.సి. పుస్తకంలో మాత్రం బ్యాంకు పేరు అలాగే ఉంది. అమ్ముదామంటే కొనేవాడు బ్యాంకు పేరు చూసి వెనక్కి పోతున్నాడు. లోను తీరితే పేరు దానంతట అదే పోతుందనుకున్నాడు ఆయన. అది పోదు. బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం, ఫారం 35 రెండు కాపీలు తీసుకుని, యజమాని, బ్యాంకు ఇద్దరూ సంతకాలు చేసి, ఆర్.సి.తో పాటు ఆర్.టి.ఓ. ఆఫీసులో ఇవ్వాలి. ఈ ముక్క మూడేళ్ళుగా ఆయనకి ఎవరూ చెప్పలేదు. అది మా బ్యాంకు కాకపోయినా నాకు సిగ్గనిపించింది.

తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎలహంక దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మేనల్లుడు, "మామయ్యా, ఆ లోను ఆయన ఎవరు?" అన్నాడు. కేకల మధ్య నేను ఆ మాట కూడా అన్నానన్నమాట. చెప్పాను. తువ్వాలు సంగతి చెబుతున్నప్పుడు వాడు స్టీరింగు మీద తన కుడి చేతి వైపు చూసుకున్నాడు.

తరవాతి వారం నాలుగో శనివారం, బ్యాంకుకి సెలవు. ఇద్దరం జె.సి. రోడ్డుకి వెళ్ళాం. ఒక చివర టౌన్ హాలు, రెండో చివర మినర్వా సర్కిల్, మధ్యలో బండ్లకి సంబంధించి దొరకని వస్తువంటూ లేని దుకాణాలు. 1963లో మొదలైన రవీంద్ర కళాక్షేత్రం కూడా ఆ రోడ్డు మీదే ఉంది. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాటకాలు చూడడానికి వెళ్ళేవాణ్ణి. నాటకం మొదలయ్యేదాకా ఎదురు దుకాణాల్లో వేలాడే సైలెన్సర్లూ హారన్లూ చూస్తూ నిలబడేవాణ్ణి, ఇవన్నీ ఎవరు కొంటారా అని. ఇప్పుడు నేనే కొనడానికి వచ్చాను.

మాకు కావలసింది లారీ సరుకు కట్టే పట్టా. ఒక చివర రాచెట్ ఉంటుంది, పిడి ఆడిస్తే కరకరమంటూ బిగుస్తుంది. గొలుసుకన్నా ఇది నయం, వదులు పూర్తిగా పోతుంది, బ్రేకు పైపుకి దెబ్బ తగిలే భయం తక్కువ. దుకాణం పెద్దాయన ఎంత బరువుకి అని అడిగాడు. ఇది మొయ్యవలసింది బండి బరువు కాదు, యాక్సిల్ చక్రాల బరువూ, విచ్చుకోబోయే కమాను తోపూ అని మావాడు చెప్పాడు. ఆయన లోపలికి వెళ్ళి టన్నుల లెక్క కుట్టి ఉన్న వెడల్పాటి పట్టా తెచ్చాడు. పోటీలకి పోయే బండ్లకి యాక్సిల్ అతిగా జారకుండా ఎప్పుడూ ఉండేటట్టే పట్టాలు బిగిస్తారట. లేకపోతే షాకబ్జార్బరే ఆ లాగుడంతా భరించాలి, బ్రేకు గొట్టం సాగి తెగినా తెగవచ్చు. మావాడి షెడ్డువాళ్ళు ఆ సంగతి చెప్పలేదు. బ్రేకు గొట్టం కూడా పొడుగైనది కొన్నాం.

ఆదివారం మా అపార్టుమెంటు కింద పరీక్ష పెట్టాం. వాచ్‌మన్ సాక్షి. చక్రాలకి చెక్క దిమ్మలు, ఫోర్ వీల్, చాసిస్ కింద స్టెప్నీ. పట్టా లేకుండా బంపరు పదకొండు అంగుళాలు లేస్తే గానీ చక్రం నేల వదలలేదు. పట్టా బిగించాక నాలుగంగుళాలకి వదిలింది. మిగిలిన ఏడంగుళాలు అంతకు ముందు స్ప్రింగు తింటున్నవి. ఆ నాలుగూ ఎక్కడికి పోయాయని అడిగితే, టైరు అడుగున బరువుకి నొక్కుకున్న భాగం లేవాలి, పట్టా కొంచెం సాగుతుంది, వెనక బంపరు దగ్గర లేచినంత యాక్సిల్ దగ్గర లేవదు. మూడోసారి ఇంట్లోంచి సీసా జాకీ తెచ్చి యాక్సిల్ కిందే పెట్టాం. రెండంగుళాలు కూడా అక్కర్లేకపోయింది. ట్రాక్టరాయన మొదట అడిగిందీ ఇదే. మూడు లెక్కలూ డైరీలో రాసి గీత గీశాను. ఐస్ పెట్టె ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది.

నెల తరవాత మళ్ళీ గుడిబండ వెళ్ళాం. జీపులోనే. అక్కయ్య రానంటుందనుకున్నాను. "వాడు వెళుతుంటే నేను ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?" అని స్టూలు వేయించుకుని ఎక్కింది. సీటు కింద సీసా జాకీ, పట్టా, రెండు దిమ్మలు, ఒక పలక. దారిలో ఏ టైరూ పంక్చరు కాలేదు. మావాడికి కొంచెం నిరుత్సాహం కలిగింది.

పెద్దాయన చెప్పిన గుర్తుల ప్రకారం ఊరి చివర ఇల్లు పట్టుకున్నాం. ఫారం 35 నింపి రెండు కాపీలు తీసుకెళ్ళాను. ఏ గడి ఎవరు నింపాలో, బ్యాంకులో ఏ కౌంటరులో అడగాలో విడిగా ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. ఆయన కళ్ళజోడు తెప్పించుకుని, అరుగు మీద కూర్చుని, రెండిటి మీదా సంతకం చేశాడు. కన్నడంలో, పూర్తి పేరు, తొందర లేకుండా. లోపల్నుంచి ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. మా ఆవిడ, అక్కయ్య అప్పటికే ఆమెతో వంటింట్లోకి వెళ్ళిపోయారు. మేనల్లుడు మాత్రం వాకిట్లో ట్రాక్టరు పక్కన గొంతుక్కూర్చుని ఆ గొలుసు కొక్కేన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు.